మూడో అంకె

“ఆ అంకె ఇంకోసారి చెప్పండి సార్, రాసుకుంటాను,” అందామె, సంచిలోంచి చిన్న పుస్తకం తీసి.

“మీ తమ్ముడిది అరవై ఒకటి పాయింటు నాలుగు మూడు ఎనిమిది.”

“రెండో మనిషిది?”

“అరవై ఒకటి పాయింటు నాలుగు మూడు ఆరు,” అని పొదుపాయన గ్లాసెడు నీళ్ళు గటగటా తాగేశాడు. కూర్చున్న పావుగంటలో అది మూడోది. సంజాయిషీ చెప్పుకోవలసిన మనిషికి గొంతు ఎలా తడారిపోతుందో ఆయన్ని చూస్తే తెలుస్తుంది.

ఆసుపత్రి మూడో అంతస్తులో, కంప్యూటర్ల విభాగం పక్కనున్న ఇరుకు గది అది. పొదుపాయన అసలు పేరు అక్కడ సగంమందికి తెలియదు. ఇరవై ఏళ్ళ కిందట, మిషన్లలో జాగా చాలక అందరూ తల పట్టుకున్న రోజుల్లో, ఆసుపత్రి కోసం ఒక చిన్న ప్రోగ్రామింగ్ భాషే తయారుచేసి పెట్టాడు. అందులో ఏ సంఖ్యకైనా రెండే బైట్లు. పాయింటు తర్వాత రెండే అంకెలు. ఆ తర్వాత ఏమున్నా దగ్గరి అంకెకు సర్దేయడమే. ఇప్పుడు జాగాకు కరువు లేదు. అయినా పోయినేడు ప్రోగ్రామర్లు వచ్చి, సంఖ్యకు నాలుగు బైట్లు ఇద్దామని బతిమాలితే, “మూడో అంకెతో ఏం చేస్తారయ్యా, ఊరేగిస్తారా?” అని నవ్వి పంపేశాడు. వాళ్ళూ నవ్వేసి ఊరుకున్నారు. మూడు నెలల సెలవు ముగించుకుని ఈ సోమవారమే మళ్ళీ పనిలో చేరాడో లేదో, ఈ ఫిర్యాదు మెడకు చుట్టుకుంది.

ఆమె దర్జీ. తమ్ముడు కిడ్నీ కోసం ఎదురుచూసి, ఎదురుచూసి, రెండు నెలల కిందట కన్నుమూశాడు. అంతకు ముందు ఒక కిడ్నీ దొరికిన రోజున, ఎవరికి ముందివ్వాలో తేల్చే మార్కుల వరసలో ముందుండవలసినవాడు వెనక్కి ఎలా పోయాడని ఆమె ప్రశ్న. ఆ భాష తయారుచేసినవాడే ఎదురుగా కూర్చుని చెప్పాలంది. చెప్పేదాకా ఫిర్యాదు ముగింపు కాగితం మీద సంతకం పెట్టనంది.

లోపలికి వచ్చేముందు సూపరింటెండెంటు పొదుపాయన్ని వరండాలో ఆపి మరీ చెప్పాడు: “లెక్క చెప్పండి, చాలు. రెండో మనిషి ఎవరన్నది మాత్రం నోరు జారకండి. ఆసుపత్రికీ మంచిది కాదు, మీకూ మంచిది కాదు.”

“ఎనిమిది పెద్దదా, ఆరు పెద్దదా సార్?” అందామె.

“ఎనిమిదేనమ్మా. కానీ మిషన్‌లో రెండూ అరవై ఒకటి పాయింటు నాలుగు నాలుగు దగ్గరికే సర్దుకున్నాయి. సమానమైపోయాయి. సమానమైతే ముందు నమోదైన పేరు పైకి వెళ్తుంది. అవతలివాళ్ళు రెండు రోజులు ముందు నమోదయ్యారు.”

“ఎందుకు సర్దారు?”

“జాగా కోసం. రెండు బైట్లలో అరవై అయిదు వేల చిల్లర దాకానే లెక్క పడుతుంది. వందదాకా వెళ్ళే లెక్కకి మూడో అంకె కూడా కావాలంటే లక్ష పట్టాలి.”

“మరి లక్ష పట్టేంత జాగా ఎంత సార్? ఈ గదంతానా?”

పొదుపాయన నీళ్ళు నమిలాడు. “ఇంకో రెండు బైట్లు. అంటే... మీ పుస్తకంలో రెండు అక్షరాలు పట్టేంత.”

ఆమె తన పుస్తకంకేసి చూసుకుంది. “నేను కుట్టిన చొక్కా అంగుళంలో ఎనిమిదో వంతు తేడా వచ్చిందనుకోండి, కుట్లు విప్పి మళ్ళీ కుడతాను. గుడ్డకే అంత చూసుకుంటామే. మనిషికి చూడరా?”

ఆయన మళ్ళీ గ్లాసు నింపుకున్నాడు.

“చూసి ఉంటే వాడు బతికేవాడా?”

కచ్చితంగా చెప్పలేం అనమని సూపరింటెండెంటు నేర్పి పంపాడు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ ఆమె పెన్ను పుస్తకం మీద ఆగి ఉంది.

“బతికేవాడమ్మా.”

ఆమె ఏడవలేదు. “అంతా రాత అన్నారు సార్, చుట్టాలూ పక్కాలూ అందరూ. రాత కాదన్నమాట,” అని పుస్తకం మూసింది. “ఆ రెండో ఆయన ఉన్నాడా?”

“ఉన్నాడు.”

“బాగున్నాడా?”

“బాగానే ఉన్నాడు.”

“పేరు చెప్పరులే. నాకూ వద్దు. పేరు తెలిస్తే తిట్టుకుంటాను.” ఆమె చూపు ఆయన చేతిలోని గ్లాసు మీద నిలిచింది. “మా వాడికి డాక్టర్లు రోజుకి మూడు గ్లాసులే తాగమన్నారు సార్. ఆఖర్లో అదీ లేదు. తడిగుడ్డ పెదాలకి అద్దేదాన్ని. అక్కా, కడుపునిండా నీళ్ళు తాగి చచ్చిపోతానే అనేవాడు. ఆయనైనా కడుపునిండా తాగుతున్నాడేమో కనుక్కోండి.”

గ్లాసు పొదుపాయన పెదాల దగ్గరే ఆగిపోయింది. మెల్లగా బల్ల మీద పెట్టేశాడు.

ఆమె సంతకం పెట్టి లేచింది. గుమ్మం దగ్గర ఆగి, “ఇంతమందిలో మీరొక్కరే నిజం చెప్పారు అన్నయ్యా,” అని వెళ్ళిపోయింది. ఆ పిలుపు విన్నాక ఆయనకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

తర్వాత కంప్యూటరు ముందు కూర్చుని, ఇరవై ఏళ్ళ నాటి తన భాషను తెరిచాడు. రెండు ఉన్నచోట నాలుగు కొట్టాడు. ఒక్క మీట నొక్కితే అయిపోయిన పని అది. ఫైల్లోని కాగితాలు చూసి, ఆనాటి అంకెలన్నీ మూడో అంకెతో సహా ఎక్కించి, పట్టికను మళ్ళీ నడిపించాడు.

తెర మీద పై రెండు వరసలూ చోట్లు మార్చుకున్నాయి. దర్జీ తమ్ముడు పైకొచ్చాడు. అంతవరకూ పైనున్న పేరు కిందికి జారింది.

పొదుపాయన గ్లాసందుకుని, డాక్టరు చెప్పిన కొలత ప్రకారం నీళ్ళన్నీ తాగేశాడు.

కిందికి జారిన పేరు ఆయనదే.