పైనుంచి దిగిన తాడు

హోయ్ ఆన్ రేవులో ఆ రాత్రి నది ఇళ్లలోకి వచ్చింది. మోకాళ్ల నొప్పితో మెట్లెక్కలేని ముసలి న్యాన్ కిందే నిలబడి, ఏడాదంతా కూడబెట్టిన దాల్చినచెక్కను కట్టకట్టగా కప్పీ తాడుకు తగిలిస్తోంది. మేడ నేలలోని కంత గుండా కట్టలు పైకి పోతున్నాయి. ఓడలొచ్చే రోజుల్లో భర్త లోక్ పట్టునూ మిరియాలనూ ఇలాగే అలుపెరగకుండా లాగేవాడు. ఇప్పుడు పైన అడుగుల చప్పుడు విని, మనవరాలు వెనక మెట్ల మీంచి వచ్చిందనుకుంది.

"పోయిన మీ తాత చేతులే వచ్చాయే నీకు, లియెన్," అంది.

కప్పీ చప్పుడు ఆగింది. వీధి తలుపు తెరుచుకుంది.

"ఎవరితో నాన్నమ్మా మాటలు? పడవ దొరక్క నేనిప్పుడేగా వస్తున్నాను," అంటూ లియెన్ నీళ్లలో నడిచొచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది. "పద, మోసుకెళ్తాను."

తాడు మళ్లీ దిగింది. ఈసారి దాని చివర మనిషి పట్టేంత బుట్ట ఉంది.

న్యాన్ మెల్లగా చెయ్యి విడిపించుకుంది.

"నువ్వు మెట్లెక్కి రావే. నా బరువు ఆయనకు అలవాటే."