పైపుకీ డ్రమ్ముకీ నడుమ

గుడ్లు మళ్లీ తెల్లబడ్డాయి.

నరేందర్ అక్వేరియం అద్దానికి ముక్కు ఆనించి చూశాడు. నిన్న సాయంత్రం మట్టి కుండీ మీద తేనె రంగులో మెరిసిన రెండు వందల గుడ్లు ఇప్పుడు నానబెట్టిన సగ్గుబియ్యంలా ఉన్నాయి. తల్లి డిస్కస్ చేప మాత్రం వాటి ముందే నిలబడి రెక్కలతో విసురుతూ ఉంది. దానికింకా ఆశ చావలేదు.

ఫిల్టర్ పెట్టించాక ఇది మూడోసారి.

"ఆర్వో ఫిల్టరే పని జేస్తలేదమ్మా" అన్నాడు, వెనక నిలబడ్డ తల్లి శంకరమ్మతో. "బోరు నీళ్లల్ల సున్నం మస్తుంటది. గుడ్డు పెంకు గట్టిపడి లోపల పిల్ల నిలవది. అందుకే ఈ మిషన్ పెట్టిస్తున్నా అని ఆనాడే జెప్పిన గదా."

"మనం తాగేటియి గూడ ఆ నీళ్లే గదా బిడ్డా."

"కాచుకొని తాగుతున్నం. మనుషులకేం గాదు. చేపలు నాజూకు."

శంకరమ్మ వంటింట్లోకి వెళ్లిపోయింది.

నరేందర్ వాష్ ఏరియాలోకి నడిచాడు. గోడకు ఫిల్టర్, దాని నుంచి సన్నటి పైపు, పైపు కింద నీలం డ్రమ్ము. ఆ డ్రమ్ములో నీళ్లే అక్వేరియంలో పోస్తాడు. నీళ్లలో లవణాలెన్ని ఉన్నాయో చూపించే మీటరు పైపు కొన దగ్గర పెట్టాడు. పద్దెనిమిది. డ్రమ్ములో ముంచాడు. నాలుగు వందల పది.

ఆదివారం ఉప్పల్ నుంచి మెకానిక్ భూపాల్ వచ్చాడు. నీళ్లను వడగట్టే మెంబ్రేన్ విప్పి చూశాడు, పంపు చూశాడు, తన మీటరు కూడా ముంచి చూశాడు.

"మిషన్ మంచిగనే ఉన్నదన్నా. పైపుల నుంచి పడేది కడిగిన ముత్యం లెక్కుంది."

"మరి డ్రమ్ములకు పోంగనే ఏమైతున్నది?"

"అదే సమజైతలేదు. పైపుకు డ్రమ్ముకు నడుమ ఏమున్నదన్నా? గాలి తప్ప."

డ్రమ్ము ప్లాస్టిక్‌దే తప్పనుకుని కొత్తది తెచ్చారు. రాత్రంతా నిండిన నీళ్లు సోమవారం పొద్దున ఇరవై చూపించాయి. నరేందర్ ఈల వేసుకుంటూ మల్లాపూర్ ఫ్యాక్టరీకి పోయాడు. సాయంత్రం వచ్చి మీటరు ముంచితే మూడు వందల తొంభై.

"డ్రమ్ము ఎవరన్న ముట్టిన్రా?" అని అడిగాడు.

"ఎవరు ముడ్తరు బిడ్డా" అంది శంకరమ్మ, బియ్యంలోంచి తల ఎత్తకుండా. భార్య హిమజ టీ గ్లాసు అతని చేతిలో పెట్టి లోపలికి పోయింది.

భూపాల్‌కు ఫోన్ చేశాడు. "అన్నా, నాకు తెల్సినయన్ని జేసిన. ఇంక నేను జేసేదేం లేదు" అన్నాడు అతను.

నరేందర్ బట్టలుతికే బండ మీద కూలబడ్డాడు. ఫ్యాక్టరీలో ఎంత మొండి మోటారైనా అతని చేతిలో దారికొచ్చేది. ఇంట్లో ఒక డ్రమ్ము నీళ్లు మాత్రం అతణ్ణి చేతకానివాణ్ణి చేసి కూర్చోబెట్టాయి. అవతల చేపల జంట మళ్లీ కుండీని నోటితో శుభ్రం చేస్తోంది. రెండు రోజుల్లో మళ్లీ గుడ్లు పెడతాయి. మళ్లీ తెల్లబడతాయి. వాటికి చెప్పి ఆపే దారి కూడా లేదు.

మంగళవారం మధ్యాహ్నం అతనికి పని మీద మనసు నిలవలేదు. పర్మిషన్ తీసుకుని బండి నాచారంలో ఇంటి వైపు తిప్పాడు.

గుమ్మం దగ్గర హిమజ చెప్పులున్నాయి. ఆ వేళకు ఆమె ఉప్పల్‌లో, పనిచేసే బట్టల దుకాణంలో ఉండాలి. వాష్ ఏరియాలోంచి నీళ్ల చప్పుడు వినిపించింది.

శంకరమ్మ డ్రమ్ము మూత తీసి, బకెట్ ఎత్తి బోరు నీళ్లు పోస్తోంది. పక్కన రెండు స్టీలు బిందెలు నిండుగా, మూతలు పెట్టి ఉన్నాయి.

అరుద్దామనుకున్నాడు నరేందర్. దగ్గరికొచ్చి డ్రమ్ము అంచు పట్టుకున్నాడు.

"నెల రోజుల సంది పిచ్చోని లెక్క పైపులు ఇప్పుకుంట గూసున్న. నువ్వు సూస్కుంట ఎట్ల ఊకున్నవమ్మా?"

శంకరమ్మ బకెట్ కింద పెట్టింది. "మంచి నీళ్లు దీస్కున్నంక డ్రమ్ము ఖాళీగా కనిపిస్తే నువ్వు అడుగుతవని నింపిన."

"ఆ బిందెలు ఎవరికి?"

ఆమె వంటింటి తలుపు దగ్గరికి వేసి, గొంతు తగ్గించింది.

"నేను జెప్పినట్టు హిమజకు తెల్వనియ్యకు. రెండుసార్లు కడుపు నిలవకపాయె, ఈసారి మూడు నెల్లు నిండినంకనే నీకు జెప్తనని ఒట్టు ఏయించుకున్నది. నువ్వేమో బోరు నీళ్లల్ల పిల్ల నిలవదంటివి. ఆ నీళ్లు నా కోడలికి ఎట్ల తాపుదు బిడ్డా?"