రెండో బ్యాటు

"పక్కకు జరుగు వదినా, ఆ నాబ్ పీకి అవతల పారేస్తాను" అంటూ స్క్రూడ్రైవర్ తీశాడు మరిది.

"దానిమీద చెయ్యి వేశావంటే ఊరుకోను. మీ అన్నయ్య ఆడుకుంటున్నారు!"

మరిదికి ఒళ్ళు మండింది. తప్పు తనదే. తెరమీద రెండు బ్యాట్లతో బంతిని అటూ ఇటూ కొట్టుకునే ఆ పాత వీడియోగేములో తన కంట్రోలర్‌కి బటన్లు తీసేసి, రేడియోకున్నట్టు గుండ్రటి నాబ్ పెట్టుకోవాలని అన్నయ్య ముచ్చటపడి, ఆ ముచ్చట తీరకుండానే పోయాడు. "అది పెట్టిచ్చావంటే ఒక్క ఆట ఆడి నీతో వచ్చేస్తాను" అంది వదిన. రేడియో మెకానిక్ కాబట్టి చిటికెలో పెట్టిచ్చాడు. తీరా ఆమె తన కంట్రోలర్‌తో ఆట మొదలుపెట్టగానే, ఎదుటి ఖాళీ కుర్చీలో పెట్టిన అన్నయ్య కంట్రోలర్‌కున్న ఆ నాబ్ తనంతట తానే తిరగసాగింది.

బయట వ్యానులో సామానంతా ఎక్కింది. వదిన మాత్రం కదలనంటోంది.

"ఆయన్ని ఒంటరిగా వదిలేసి మీ ఇంటికొచ్చి నేనేం చెయ్యను?"

"అయ్యో రామా! లోపల వైరేదో తగులుతోంది, అంతే. ఇదిగో చూడు." అతను ఆ కంట్రోలర్ వైరును గేము పెట్టెలోంచి లాగేశాడు.

తెరమీద రెండో బ్యాటు ఆగలేదు. కుర్చీలో నాబ్ కూడా, ఎవరో రెండు వేళ్ళతో పట్టుకున్నట్టు, అటూ ఇటూ తిరుగుతూనే ఉంది. మరిది చేతిలోని వైరునూ తెరనూ మార్చి మార్చి చూశాడు.

"వైరట, వైరు! పెద్ద మెకానిక్కువి బయల్దేరావు" అని వదిన పకపకా నవ్వింది. ఇన్నాళ్ళకు ఆమె నవ్వడం చూసి అతనికి ఏడుపొచ్చింది.

ఆట చివరి పాయింటుకు వచ్చింది. బంతి దగ్గరికి రాగానే రెండో బ్యాటు మెల్లగా పక్కకు తప్పుకుంది. బంతి దూసుకుపోయింది. వదిన గెలిచింది.

మరిది కళ్ళు తుడుచుకున్నాడు. "ఇంక నిన్ను బలవంతపెట్టను వదినా. సామాను దింపించేస్తాను. నీకోసం అన్నయ్య కావాలనే ఓడిపోయాడు, చూశావుగా."

వదిన ముఖంలో నెత్తురుచుక్క లేదు. ఖాళీ కుర్చీ మీదనుంచి చూపు తిప్పకుండానే లేచి, మరిది చెయ్యి గట్టిగా పట్టుకుని గుమ్మం వైపు లాగింది.

"పద, వ్యాను తియ్యమను" అంది గొంతు తగ్గించి. "పెళ్ళైన దగ్గర్నుంచి మీ అన్నయ్య నన్ను ఒక్క ఆట కూడా గెలవనివ్వలేదు."