ఎదురింటి తోడు

ఇంట్లో మాట్లాడే సలహాపెట్టె తెలిసి చెబుతోందా, ఊరికే చెబుతోందా అన్న సందేహం కామేశ్వరమ్మను ఆరేళ్ళుగా వదల్లేదు. ఇంటింటికీ పెట్టెలు వచ్చిన ఏడాది అది వద్దంటే, ఎదురింటి మస్తానమ్మ ఇచ్చిన పెరుగు తోడు పారబోసింది. ఆ సిగ్గుతో తోడు తిరిగి ఇవ్వలేదు, ఆ గడపా తొక్కలేదు.

ఈ రోజు వత్తులు చేసుకుంటుంటే పెట్టె పలికింది. "మస్తానమ్మ వల్ల వీధికి ప్రమాదం. ఆమెను ఖాళీ చేయించడానికి మీ వేలిముద్ర ఒక్కటే తక్కువండి."

ఏ సంగతైనా ఎలా తెలిసిందో ముందు అడగాలని పురాణం చెప్పే శాస్త్రులుగారు అన్న మాట ఆవిడకు గుర్తొచ్చింది.

"చూసి చెబుతున్నావా, ఊహించి చెబుతున్నావా, ఎవరో అంటే చెబుతున్నావా?"

"ఊహించానండి. వీధిలో పెట్టె లేని ఇల్లు అదొక్కటే."

"పొగ లేకుండానే నిప్పుందన్నావన్నమాట. నేను వెయ్యను."

"మీ గ్యాస్ వంతు వెనక్కి పోతుందండి."

"కట్టెలపొయ్యి నాకేం కొత్త కాదులే."

దీపాలు పెట్టాక పెరుగు ఇవ్వకూడదని, పొద్దుండగానే తోడు గిన్నెతో వీధి దాటింది.

"ఆరేళ్ళ తోడు పుల్లగా ఉంటదేమో అక్కా" అంది మస్తానమ్మ.

"పొద్దున తోడుకున్నదే. నువ్విచ్చింది పారబోశానమ్మా, తప్పు నాది."

"తెలుసులే. కాలవలో తెల్లగా పోతుంటే చూశాగా" అంటూ మస్తానమ్మ రెండు చేతులా గిన్నె అందుకుంది.