ఊఁ అంటే చాలు

“అమ్మగారి గొంతు నాకెలా వస్తుందండీ? అమ్మాయిగారు పట్టేస్తారండి,” అంది ఆ ఇంట్లో మంచాన పడ్డ మనిషిని చూసుకున్న కృపావతి.

“గొంతుతో పనేముంది? ఊఁ అంటే చాలు. పక్షవాతం వచ్చిన ఈ రెండేళ్లూ సత్యదుర్గ అన్నది అదీ, కాదనడానికి ఊఁహూఁ, అంతే కదా,” అన్నాడు సూర్యారావు.

అతని భార్య సత్యదుర్గ పోయి అది మూడో రోజు. మంచం తీసేశారు. మంచం పక్కనున్న ఫోను మాత్రం అలాగే ఉంది. దోహా నుంచి కూతురు అనురాధ పంపింది అది. రెండుసార్లు మోగి దానంతటదే ఎత్తుకుంటుంది. అవతలి మాట గదంతా వినబడుతుంది. మంచంలో ఉన్న మనిషి చెయ్యి కదపక్కర్లేదు. అనురాధ రోజూ పదింటికి చేస్తుంది. నిన్న లైను బాగాలేదని అల్లుడి చేత చెప్పించి ఆ పూట గడిపేశాడు. ఈ పూట కుదరదు.

“అబద్ధం కదండీ?”

“రెండు కడుపులు పోయాయి దానికి. ఇప్పుడు ఎనిమిదో నెల. బీపీ ఎక్కువగా ఉంది, మంచం దిగొద్దన్నారు. పోయింది ఎలాగూ పోయింది. చెబితే ఉన్నదీ పోతుంది. చెప్పకపోతే ఒకటి మిగులుతుంది. ఏది నయమో నువ్వే చెప్పు.”

“ఆయ్,” అంది కృపావతి.

“అదిగో, ఆ ఆయ్ ఒక్కటీ అనకు. కన్నతల్లి కూతురితో అలాగేనండి అన్నట్టు ఆయ్ అంటుందా?”

“ఆయ్, అననండి.”

సూర్యారావుది కొబ్బరికాయల వ్యాపారం. గోటితో మీటి, చప్పుడు విని, కాయ మంచిదో కుళ్లిందో చెప్పేస్తాడు. కృపావతి చేత నాలుగుసార్లు ఊఁ అనిపించాడు. నాలుగోది సరిపోయింది.

పదింటికి ఫోను రెండుసార్లు మోగి ఆగింది. అతను గుమ్మం దగ్గర కుర్చీలో కదలకుండా కూర్చున్నాడు.

“అమ్మా, టిఫినయ్యిందా?”

“ఊఁ.”

“మందేసుకున్నావా?”

“ఊఁ.”

“నాన్న ఇంట్లో ఉన్నారా?”

కృపావతి అతని వైపు చూసింది. అతను లేనని చెయ్యి ఊపాడు.

“ఊఁహూఁ.”

“అంబాజీపేట కొబ్బరి మార్కెట్టుకి వెళ్లేరా?”

“ఊఁ.”

“అన్నం సరిగ్గా తింటున్నారా?”

మూడు రోజులుగా అతను కంచం ముందు కూర్చుని లేచిపోతున్నాడు.

“ఊఁ.”

“నాన్నని జాగ్రత్తగా చూసుకో. రెండు ముద్దలైనా తినేలా చూడు.”

“ఆయ్,” అంది కృపావతి.

సూర్యారావు కళ్లు మూసుకున్నాడు. కృపావతి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“కృపావతక్కా,” అంది అనురాధ, గొంతు ఏమీ మారకుండా. “ఆయ్ అనకు. మొన్న మీరంతా ఏడుస్తున్నప్పుడే చేశాను. ఫోను దానంతటదే ఎత్తుకుంది. అంతా విన్నాను. బిడ్డ బాగానే కదులుతోంది. నాకు తెలిసిపోయిందంటే నాన్న తట్టుకోలేరు. కాన్పయ్యేదాకా ఆయన ముందు ఊఁ అంటే చాలు.”