గీతల మేడం

"నలభై ఇద్దరిలో ఐదుగురు," అంది గీతల మేడం, నోటుపుస్తకం సైన్స్ మాస్టారి ముందుకు జరుపుతూ. "ఈ పూట వైరూ బల్బూ ముట్టుకున్నది వీళ్ళే. ఐదుగురూ ముందు బల్లవాళ్ళే."

మాస్టారి మొహం చిన్నబోయింది. బడులు తిరిగి టీచర్లకు శిక్షణ ఇచ్చే ఆవిడ గురించి అతను ముందే విన్నాడు. చివరి బల్ల మీద ఓ పక్కకు ఒదిగి కూర్చుంటుంది, ఇంకొకరికి చోటు వదిలినట్టు. ప్రయోగంలో చెయ్యి పెట్టినవాళ్ళ పేరు దగ్గర ఒక గీత గీస్తుంది. ఆవిడకు ఆ పేరు అలా వచ్చిందే.

"మిగతావాళ్ళు అడగరు మేడం. ఉన్నవి ఆరు సెట్లు. సిలబస్ చూస్తే తరుముకొస్తోంది."

ఆవిడ ఖాళీ అయిన ప్రయోగశాలలో చివరి బల్ల వైపు చూసింది, అక్కడెవరో చెయ్యెత్తినట్టు.

"ఒక అమ్మాయి ఉండేది. ఏడో తరగతి. ఏడాదంతా నోరు విప్పలేదు. ఒక్కరోజు మాత్రం లేచి అడిగింది. 'రెండో బల్బు పీకేస్తే మొదటిది ఎందుకు ఆరిపోతుంది టీచర్?' అని."

"మంచి ప్రశ్నే!"

"ఆరోజు తనిఖీ. అంతా హడావుడి. 'ఇవన్నీ నీ బుర్రకెక్కవు గానీ కూర్చో' అంది టీచర్. క్లాసంతా ఘొల్లుమంది."

"తర్వాత?"

"మర్నాటి నుంచి బడి మానేసింది. బట్టల కార్ఖానాలో గుండీలు కుట్టే పనికి కుదిరింది. ఇరవై ఏళ్ళయింది. ఏ క్లాసులో కూర్చున్నా ఆ మాటే వినిపిస్తుంది నాకు."

మాస్టారు ఆ కార్ఖానా నుంచి ఇంత దూరం రావడానికి ఆవిడ ఎన్ని పాట్లు పడిందో అనుకున్నాడు.

మధ్యాహ్నం అతను పిల్లల్ని ఆరు జట్లు చేశాడు. ఒకరు కలపాలి, ఒకరు చూడాలి, ఒకరు రాయాలి. కాసేపటికి పనులు మార్చుకోవాలి. మొదటి పది నిమిషాలు గది సంతలా గోల. ఒక మూల సన్నటి పిల్ల వైరు దాకా చెయ్యి చాపి ఆగిపోయింది.

"పట్టుకో తల్లీ, కరవదు."

పట్టుకుంది. కలిపింది. బల్బు వెలిగింది.

"సార్, వైరు బాగా పొడుగైతే వెలుగు తగ్గుతుందా?"

జవాబు అతని నాలుక చివరే ఉంది. మింగేశాడు. "ఎలా తెలుసుకుందాం?"

"ఇంకా చాలా వైరు కలిపి చూస్తే?"

"కానియ్ మరి!"

గీతల మేడం పెన్సిల్ ఆగిపోయింది. తల వంచుకుని, కొంగుతో కళ్ళద్దాలు చాలాసేపు తుడుచుకుంది.

సాయంత్రం గేటు దాకా సాగనంపుతూ మాస్టారు ఉండబట్టలేక అడిగాడు.

"ఏమీ అనుకోకండి మేడం. మిమ్మల్ని అంత మాటన్న మనిషి ఎదురుపడితే నాలుగు దులిపెయ్యాలనుంది. ఆ టీచర్ ఇప్పుడెక్కడుందో తెలుసా?"

గేటు గడియ మీద ఆవిడ వేసిన చెయ్యి అలాగే ఉండిపోయింది.

"ఆ టీచర్ని నేనే."