మసి పట్టిన చేతిరుమాలు

"లెక్క సరిపోయింది అమ్మమ్మా," అంది నా మనవరాలు అక్షర. ఫరీదాబాద్‌లో మా సొసైటీ డీజిల్ జనరేటర్‌కు మసి ఆపే ఫిల్టర్ బిగించింది వాళ్ల కంపెనీయే. అది బాగా పనిచేస్తోందని ఈరోజు రిపోర్టు మీద సంతకం చేయాల్సింది అక్షరే.

"మొన్నటిదాకా ఎందుకు సరిపోలేదు?"

"మసి నిండేకొద్దీ ఫిల్టర్‌లో ప్రెషర్ పెరగాలని నా కంప్యూటర్ మోడల్ లెక్క చెప్పింది. నెలైనా మీటర్ కదల్లేదు. అందుకని మీటర్‌కి సరిపోయేలా మోడల్‌లోనే మసి తగ్గించేశాను. ఠీక్ హై నా?"

"ముప్పై ఏళ్లు ఫిజిక్స్ చెప్పాను. జవాబు చూసి లెక్క దిద్దే మొద్దులను వెనక బెంచీలో కూర్చోబెట్టేదాన్ని."

"రోజూ మీటర్ చూసి రాసింది నువ్వే కదా! అది అబద్ధం చెప్తుందా?"

"చెప్పదు. నీకే వినడం రాదు."

అంతలో కరెంటు పోయి, కింద జనరేటర్ మొదలైంది. నేను కిందికి దిగి, జనరేటర్ పొగగొట్టం ముందు నా తెల్ల చేతిరుమాలు ఒక నిమిషం పట్టుకున్నాను. పైకొచ్చి దాన్ని రిపోర్టు మీద పరిచాను. నల్లగా ఉంది.

అక్షర వేలితో తాకి చూసింది. "ఫిల్టర్ పగిలిందా? మసి లోపల ఆగనే లేదా? అందుకేనా ప్రెషర్ పెరగలేదు? అయితే నా మొదటి మోడల్..."

"అదే సరైనది. దాన్ని నమ్మనిది ఈ ఇంట్లో నువ్వొక్కదానివే."